వీధిగుర్తులు: ముందు పరీక్ష, పిదప శాసనము

దారిని బోవువానికి చట్టమును తెరచి చూచు తీరిక యుండదు. స్తంభముపై నిలిపిన పలకయో, నేలపై గీచిన గీతయో వానికి చట్టము. ఆ గుర్తు కంటబడకున్నను, కంటబడియు దాని భావము తెలియకున్నను, జుల్మానా విధించుట చట్టసమ్మతము కావచ్చును గాని న్యాయసమ్మతము గానేరదు.

ఈ విషయమున బ్రిటిషువారి యనుభవము గమనింపదగియున్నది. పాదచారులు వీధి దాటు తావులందు 1934లో రవాణా మంత్రి హోర్ బెలీషా నారింజవన్నె గోళములు గల స్తంభములను నాటించెను. నేలపై నా తావున కెల్లలుగా లోహపు బొడిపెలు మాత్రముండెను. కాలినడకవాని కవి తెలిసినను, వేగముగ వచ్చు మోటారు తోలువానికి స్పష్టముగ గానరావయ్యెను. కాబట్టి 1949లో రమారమి వేయి తావులందు పట్టెలు వేసి పరీక్షించి, పిమ్మటనే 1951లో వానిని చట్టమున చేర్చిరి. నేడు మన పట్టణములందును గానవచ్చు జీబ్రా గీతల పుట్టువు ఇట్టిది.

మన దేశమున గుర్తుల ఆకారమును, వర్ణమును, అర్థమును 1988 మోటారు వాహనముల చట్టము నిర్ణయించుచున్నది. ఆజ్ఞారూపమైన గుర్తుకు లోబడి వాహనము నడపవలెనని 119వ సెక్షను విధించుచున్నది. పలకపై నున్న మాటలను, అంకెలను తమకు తగునని తోచిన లిపిలో గూడ చేర్పించు నధికారమును 116వ సెక్షను రాష్ట్ర ప్రభుత్వముల కొసగినది. బళ్ళారి, హోసూరు, బరంపురము వంటి పట్టణములందు తరతరములుగ నున్న తెలుగువారికి ఈ యధికారము అల్పవిషయము గాదు. అచ్చట రెండు మూడు భాషలవారు ఒకే కూడలిని దాటుచుందురు.

బొమ్మ యున్నచో భాష యక్కరలేదని కొందరందురు. అది కొంతవరకే నిజము. బడిపిల్లల బొమ్మను జూచి బడి సమీపమున నున్నదని యెవరైనను గ్రహింతురు. తలక్రిందులైన త్రికోణమును జూచి, ఎదుటి దారివారికి త్రోవ నీయవలెనని నేర్పనిదే యెవ్వడును గ్రహింపజాలడు.

కనుక గుర్తులను నిర్ణయించు అధికారులు ప్రతి క్రొత్త గుర్తును ముందుగా ఒకటి రెండు పట్టణములందు కొన్ని వారములు, జుల్మానా లేకుండ, నిలిపి చూడవలెను. పగటి యెండలోను, రాత్రి వానలోను దానిని జూపి, ఆటో తోలువానిని, ఎడ్లబండివానిని, బడిపిల్లను, పొరుగూరినుండి వచ్చినవానిని "దీని భావమేమి?" అని యడుగవలెను. తప్పు చెప్పినవారే యధికులైనచో, దిద్దవలసినది గుర్తును. పరీక్షకగు వ్యయము స్వల్పము. పరీక్షింపని గుర్తుకు మూల్యమును మాత్రము వీధి దాటువాడు తన ప్రాణముతో చెల్లింపవలసి వచ్చును.