ఆకాశయాత్రికుల కుట్టు బిళ్ళలు

మొన్న దసరా సెలవులకు మాక్లూరు వెళ్ళినప్పుడు మా అన్నగారబ్బాయి బడిసంచీ మీద అరచెయ్యంత గుండ్రటి గుడ్డబిళ్ళ ఒకటి కనిపించింది. నిజామాబాదు బజార్లో కొన్నాడట. నల్లటి ఆకాశం ముందు రెక్కలు విప్పి వాలుతున్న గద్ద, దాని గోళ్ళలో ఆకుల కొమ్మ, కింద గుంటలు పడ్డ నేల, దూరాన చిన్న భూగోళం. అంతా రంగుదారాల పనే. మా అమ్మ కళ్ళజోడు సర్దుకుని దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది.

"ఇదేం బిళ్లరా? ఏ కచేరిది?" అని అడిగింది.

మేమంతా నవ్వాం గాని, ఆవిడ ప్రశ్నలో తప్పేమీ లేదు. ఆవిడ యెరిగిన బిళ్ళ బంట్రోతు డవాలీ మీద మెరిసే ఇత్తడి బిళ్ళ. అది వుందంటే ఆ మనిషి వెనక ఒక కచేరీ, ఒక దొర వున్నట్టే. బిళ్ళ చెప్పేది మనిషి పేరు కాదు, ఎవరి మనిషో చెబుతుంది. "బిళ్ళబంట్రోతు" అన్న మాట మన భాషలో నిలిచిపోయింది అందుకే.

"ఇది ఎవరూ ఇచ్చింది కాదవ్వా. చంద్రుడి మీదికి పోయినోళ్ళు వాళ్ళే గీసుకున్నరు" అన్నాడు కుర్రాడు.

వాడన్నది నిజమే. రోదసీ యాత్రికులు చేసే పనిలో క్షణక్షణం లెక్క వుంటుంది. ఎప్పుడు తినాలో, ఎప్పుడు పడుకోవాలో, ఏ మీట ఎప్పుడు నొక్కాలో కింద కూర్చున్నవాళ్ళు ముందే రాసిపెడతారు. అన్నిటికీ ఆజ్ఞ వున్న ఆ బ్రతుకులో వాళ్ళ ఇష్టానికి వదిలిన జాగా ఈ అరచెయ్యంత గుడ్డే. అదైనా వాళ్ళకు తేలిగ్గా దక్కలేదు. దాని వెనక చిన్న తగువు ఒకటి వుంది.

మొదట్లో అమెరికా వ్యోమగాములు తమ నౌకలకు తామే పేర్లు పెట్టుకునేవారు. 1961లో గస్ గ్రిస్సమ్ ఎక్కిన "లిబర్టీ బెల్" తిరిగివచ్చి సముద్రంలో దిగాక నీళ్ళు నిండి మునిగిపోయింది. ఆయన మాత్రం బయటపడ్డాడు. 1965 మార్చిలో మళ్ళీ వెళ్ళేటప్పుడు ఆయన తన కొత్త నౌకకు "మోలీ బ్రౌన్" అని పేరు పెట్టాడు. ఓడ మునిగినా తాను మునగని మోలీ బ్రౌన్ అనే ఆవిడ మీద అప్పట్లో అక్కడ ఒక సంగీత నాటకం పేరుపొంది వుంది. నాసా పెద్దలకు ఈ వేళాకోళం రుచించలేదు. ఇంకో పేరు చెప్పమన్నారు. "అయితే టైటానిక్ అందాం" అన్నాడట గ్రిస్సమ్! చేసేది లేక మొదటి పేరుకే ఒప్పుకున్నారు గాని, ఆ తర్వాత నౌకలకు పేర్లే వద్దని కట్టడి చేశారు.

ఆ కట్టడి దెబ్బ తర్వాత వచ్చిన గోర్డన్ కూపర్ మీద పడింది. ఆయనా, చార్లెస్ కాన్రాడూ జెమినీ-5లో ఎనిమిది రోజులు భూమి చుట్టూ తిరిగి రావాలి. చంద్రుడి దాకా వెళ్ళి రావడానికి సుమారు అంత కాలం పడుతుంది గనక మనిషి శరీరం తట్టుకుంటుందా అని చూడడం ఆ యాత్ర ఉద్దేశం. అప్పటిదాకా అన్ని రోజులు ఎవరూ పైన వుండలేదు. కూపర్ వైమానికదళం మనిషి. అక్కడ ప్రతి దళానికీ సొంత బిళ్ళ వుండడం ఆనవాయితీ. పేరు వద్దంటే మానె, బిళ్ళ అయినా పెట్టుకోనివ్వండని పట్టుబట్టాడు.

ఆయన ఎన్నుకున్న బొమ్మ రాకెట్టూ కాదు, నక్షత్రమూ కాదు; గుడ్డ కప్పిన గూడుబండి! పూర్వం అమెరికాలో పడమటి దేశానికి వలసపోయిన కుటుంబాలు తట్టాబుట్టా సర్దుకుని ఎక్కిన బండి అది. 1859 ప్రాంతంలో పైక్స్ శిఖరం దగ్గర బంగారం దొరుకుతుందని పరుగులెత్తినవాళ్ళు తమ బండి గుడ్డల మీద "పైక్స్ శిఖరం, లేదంటే దివాలా" అని రాసుకునేవారు. ఆ ఫక్కీలోనే కూపర్ తన బండి మీద "ఎనిమిది రోజులు, లేదంటే దివాలా" అని రాయించాడు.

నాసా అధిపతి జేమ్స్ వెబ్ దాన్ని చూసి కంగారుపడ్డాడు. ఏడో రోజున దిగవలసి వస్తే పత్రికలవాళ్ళు ఆ మాటే పట్టుకుని దివాలా తీశారని రాయరూ? చివరికి రాజీ కుదిరింది. బిళ్ళ వుండవచ్చు, కాని ఎనిమిది రోజులు పూర్తయేదాకా ఆ అక్షరాల మీద గుడ్డ ముక్క కప్పి వుంచాలి. అలాగే కప్పారు. 1965 ఆగస్టు 21న నౌక లేచింది. తొలిరోజే విద్యుత్తు పుట్టించే కొత్త యంత్రంలో పీడనం పడిపోయి యాత్ర ఆపెయ్యవలసి వస్తుందేమో ననిపించింది. వెబ్ గారి భయం అక్షరాలా నిజమయ్యేదే! మెల్లమెల్లగా యంత్రం కోలుకున్నది. 29వ తేదీన దిగారు. లెక్క చూస్తే ఎనిమిది రోజులకు గంట పైచిలుకు తక్కువ. దివాలా అని మాత్రం ఎవరూ అనలేదు.

ఈ బండి కథ మా అమ్మకు బాగా నచ్చింది. మా వైపు చెరుకు బండ్లు బోధను శక్కర్‌నగర్ గేటు ముందు బారులు తీరి, తూకం అయేదాకా రైతులు బండి కిందే పడుకున్న రోజులు ఆవిడకు తెలుసు. 1937లో మొదలైన ఆ ఫ్యాక్టరీ 2015లో ఆగిపోయింది. "బండి బొమ్మ పెట్టుకున్నోడు మంచోడే అయివుంటడు" అన్నది.

ఇక మా కుర్రాడి సంచీ మీది గద్ద సంగతి. అది అపోలో-11 బిళ్ళ. గీసింది మైకేల్ కాలిన్స్. ముగ్గురిలో చంద్రుడి మీద కాలు పెట్టనిది ఆయనే. ఆర్మ్‌స్ట్రాంగూ ఆల్డ్రినూ కింద నడుస్తుంటే ఆయన ఒంటరిగా చంద్రుడి చుట్టూ తిరుగుతూ వుండిపోయాడు. గద్దను పెట్టమన్న సలహా మరో వ్యోమగామి జిమ్ లోవెల్‌ది. కాలిన్స్ పక్షుల పుస్తకం ఒకటి తెరిచి, పలచటి కాగితం పెట్టి గద్ద బొమ్మ దించుకున్నాడు. కింద చంద్రుడి నేల, పైన భూమి వేశాడు. శాంతికి గుర్తుగా ఆలివ్ కొమ్మ పెట్టమని యాత్రికులకు శిక్షణ యిచ్చే యంత్రాల దగ్గర పనిచేసే నిపుణుడొకడు సూచించాడు. ఆ కొమ్మను ముక్కున కరిపించారు.

పైవాళ్ళకు పంపితే తిరిగివచ్చింది. చాచిన గోళ్ళు చూస్తే చంద్రుడి మీద దాడికి పోతున్నట్టుందన్నారు. గోళ్ళు ముడవడం ఎలాగ? కొమ్మను ముక్కులోంచి తీసి గోళ్ళలో పెట్టారు, సరిపోయింది. గద్ద దిగే ముందు దాన్ని వదిలేస్తే బాగుండునని కాలిన్స్ తర్వాత హాస్యమాడాడు. "పదకొండు" అని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే పరదేశాలవాళ్ళకు తెలియదని ఆర్మ్‌స్ట్రాంగ్ అనడంతో అంకె వేశారు. అందులో తప్పు కూడా వుంది సుమండీ. చంద్రుడి మీంచి చూస్తే భూమికి నీడ వుండవలసిన పక్క వేరు. అన్ని లెక్కలు కట్టి అంత దూరం పోయినవాళ్ళు బొమ్మలో మాత్రం నీడ తప్పు వేశారు! ఆ తప్పుతోనే బిళ్ళ ప్రపంచమంతా తిరిగింది. 1971లో వచ్చిన అమెరికా డాలరు నాణెం వెనకవైపు ఈ గద్దే కూర్చుంది.

అన్నిటికంటె గమనించవలసింది ఆ బిళ్ళ మీద లేనిది. ముగ్గురి పేర్లూ లేవు. యాత్ర కోసం పాటుపడ్డ వేలాదిమందిది ఈ బిళ్ళ అని, తమ పేర్లు వాళ్ళే వద్దనుకున్నారు. పేరు పెట్టుకునే హక్కు కోసం మొదలైన వ్యవహారం నాలుగేళ్ళు తిరిగేసరికి పేరు తీసేసుకోవడం దాకా వచ్చింది.

కుట్టు బిళ్ళ అంటున్నానే గాని, చంద్రుడి మీద నడిచిన దుస్తులకు వున్నది కుట్టిన బిళ్ళ కాదు. 1967 జనవరి 27న అపోలో-1 నౌక నేలమీదే పరీక్షలో వుండగా అంటుకుని గ్రిస్సమూ, మరి ఇద్దరూ చనిపోయారు. మోలీ బ్రౌన్ పేరు పెట్టిన గ్రిస్సమే. ఆ తర్వాత లోపల వుండే ప్రతి గుడ్డపేలికనూ అనుమానంగా చూశారు. దారం మండుతుంది గనక, గాజునారతో నేసి టెఫ్లాన్ పూసిన గుడ్డ మీద బొమ్మను అచ్చువేసి ఆ ముక్కను దుస్తులకు కుట్టారు. దారపు బిళ్ళలు ఇళ్ళలోనూ, కచేరీల్లోనూ, కోట్ల మీదా మిగిలాయి. నేడు నాసాకు అధికారిక బిళ్ళలు కుట్టేది ఉత్తర కెరొలైనాలోని వీవర్‌విల్ అనే చిన్న ఊళ్ళో ఎ-బి ఎంబ్లెమ్ అనే సంస్థ. దారానికి తన నియమాలున్నాయి. కాగితం మీద సన్నగా గీసిన గీత సూదికి అందదు. మరీ చిన్న అక్షరం కుడితే ముద్దయిపోతుంది. రంగుల ఛాయలు కలిసిపోవు. ఒక రంగు ఆగినచోట మరో రంగు మొదలవాల్సిందే. అందుచేత చెప్పదలుచుకున్నదంతా నాలుగు గుర్తుల్లోకి కుదించాలి.

ఆ కుదింపు చూడాలంటే కల్పనా చావ్లా తొడుక్కున్న రెండు బిళ్ళలూ చూడండి. 1997లో ఆమె తొలియాత్ర ఎస్.టి.ఎస్-87. బిళ్ళే శిరస్త్రాణం ఆకారంలో వుంటుంది, ఆ యాత్రలో నౌక బయటికి వెళ్ళి పనిచేసేవాళ్ళకు గుర్తుగా. దాని చుట్టూ బంగారు జ్వాలలు సూర్యుడి కిరీటకాంతి. దాన్ని పరిశీలించే ఉపగ్రహం ఆ నౌకలో వుంది. రెండోది 2003 నాటి ఎస్.టి.ఎస్-107. ఎక్కువ భాగం గీసింది ఆమె తోటి యాత్రికురాలు లారెల్ క్లార్క్. బిళ్ళ నౌక ఆకారంలో వుంటుంది. మధ్యన భారరహిత స్థితిని సూచించే గుర్తు, అది పాకి యాత్రికుల చిహ్నపు కిరణాల్లో కలుస్తుంది. ఆ చిహ్నం భూమి అంచుకు 39 డిగ్రీల వాలులో వుంది, నౌక కక్ష్య వాలు అంతే గనక. ఒక పక్క సూర్యోదయం. ఆకాశంలో కపోతమనే నక్షత్రరాశి. అది శాంతికీ, కొలంబియా అన్న నౌక పేరుకూ కూడా గుర్తు. చుక్కలు ఏడు, యాత్రికులూ ఏడుగురు. అంచు చుట్టూ ఏడు పేర్లు, అందులో చావ్లా ఒకటి. ఇలాన్ రామోన్ పేరు పక్కన అతని దేశమైన ఇజ్రాయెల్ జెండా.

జనవరి 16న వెళ్ళినవాళ్ళు ఫిబ్రవరి 1న దిగవలసిన వేళకు కొద్ది నిమిషాల ముందు నౌకతో పాటే పోయారు. బిళ్ళలోని గుర్తు ఒక్కటీ మారలేదు. కాని అంతకు ముందు లెక్కగా కనిపించిన ఏడు చుక్కలను ఇప్పుడెవరూ లెక్కగా చూడలేరు. మన శ్రీహరికోట నుంచి 2002 సెప్టెంబరులో ఎగిరిన వాతావరణ ఉపగ్రహానికి ఆ ఫిబ్రవరిలోనే కల్పన పేరు పెట్టారు.

మనవాళ్ళ రక్తం వున్న పేరు ఒకటి ఈమధ్య రోదసికి వెళ్ళింది. రాజా చారి తండ్రి శ్రీనివాస్ చారి హైదరాబాదు నుంచి చదువు కోసం అమెరికా వెళ్ళి అయోవా రాష్ట్రంలో స్థిరపడ్డాడు. కొడుకు 2021 నవంబరులో నలుగురు యాత్రికుల దళానికి నాయకుడై బయలుదేరి, ఆరు నెలల దాకా అంతర్జాతీయ రోదసీ కేంద్రంలో వుండి, 2022 మే నెలలో తిరిగివచ్చాడు. అతను వెళ్ళేసరికి కేంద్రంలో నడుస్తున్నది 66వ దళం వంతు. 66 అనగానే అమెరికావాళ్ళకు గుర్తొచ్చేది షికాగో నుంచి పడమటి సముద్రం దాకా పోయిన పాత 66వ నంబరు రహదారి. కాబట్టి ఆ దళం బిళ్ళను ఆ రహదారి నంబరు పలక ఆకారంలోనే చేశారు. ఆర్మూరు మీదుగా పోయే మన 44వ నంబరు రహదారి పక్కన డాలు ఆకారపు పలకలు చూసినవాళ్ళకు దీన్ని పోల్చుకోవడం కష్టం కాదు. గూడుబండి నుంచి రోడ్డు పలక దాకా, ఆకాశంలోకి పోయినా వీళ్ళ మనసు బాటను వదలలేదు!

చారితో వెళ్ళిన జర్మనీవాడు మత్థియాస్ మౌరర్ బిళ్ళ మరో తీరు. అతని దేశంలో నెబ్రా అనే చోట 1999లో మట్టిలోంచి ఒక కంచు పళ్ళెం బయటపడింది. మూడువేల ఆరువందల యేళ్ళనాటిదంటారు. దాని మీద బంగారు రేకుతో చంద్రుడూ, నక్షత్రాలూ, వాటి మధ్య ఏడు చుక్కల గుంపూ వున్నాయి. మన కృత్తికలే అవి. ఆ పళ్ళెం చూసి మౌరర్ తన బిళ్ళలో భూమినీ, చంద్రుణ్ణీ, కృత్తికలనూ పెట్టించుకున్నాడు. నాకు అన్నిటిలోకీ ఇదే ఎక్కువ నచ్చింది. వాకిట్లో మంచం మీద పడుకుని కృత్తికలు చూడని ఇల్లు మా ఊళ్ళో లేదు.

ఇదంతా చెప్పడం అయేసరికి మా అమ్మ సంచీ ఒళ్ళో పెట్టుకుని వుంది. బిళ్ళ అంచు ఒకచోట ఊడి వేలాడుతున్నది.

"ఇందులో పోయినోళ్ళ పేర్లు లేవంటివి. మరి కుట్టినోళ్ళ పేరు?" అంది.

లేదన్నాను. మా చుట్టుపట్ల తండాల్లో లంబాడీ ఆడవాళ్ళు అద్దాలూ గవ్వలూ పెట్టి కుట్టే ఓఢనీల మీద కూడా పేరుండదు. అయినా ఏ చెయ్యి ఎవరిదో వాళ్ళలో వాళ్ళు గుర్తుపడతారని అమ్మే చెప్పింది. సూది పెట్టె తెరిచి వెతికింది. నల్లదారం అయిపోయింది.

"అవ్వా, పసుప్పచ్చది వద్దు! అందరూ నవ్వుతరు" అన్నాడు కుర్రాడు.

"నవ్వనీ" అంటూ ఆవిడ దారం కొస నాలిక్కి తడిచేసి సూదిలోకి ఎక్కించింది.