చంపినకొద్దీ పుట్టుకొచ్చే సర్వర్లు

గరాచర్మలో మన ఇంటి అరుగు మీద కూర్చుని, హైదరాబాదులో నడుస్తున్న నలభై సర్వర్లను ఒకే ఒక్క వాక్యంతో లేకుండా చేసేయొచ్చు. పదేళ్ల కిందట ఎవరైనా ఈ మాట అంటే, ముందు ఈమెయిల్ తెరుచుకోనీ నాయనా అనేవాళ్లం. అప్పట్లో మన దీవుల ఇంటర్నెట్ అంతా ఉపగ్రహం దయ. 36,000 కిలోమీటర్ల ఎత్తుకు మాట ఎక్కి దిగడానికే పావు సెకను, జవాబు రావడానికి ఇంకో పావు. మధ్యలో వాన. అండమాన్‌లో ఏడాదికి ఎన్ని నెలలు వానో మీకు నేను చెప్పాలా?

2018 డిసెంబరు 30న శంకుస్థాపన జరిగిన సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న మొదలైంది. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కీ, అక్కణ్ణించి స్వరాజ్ ద్వీప్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్ వగైరాలకీ కలిపి దాదాపు 2,300 కిలోమీటర్లు, ఖర్చు 1,224 కోట్లు, వేయించింది బీఎస్‌ఎన్‌ఎల్. (2024 సెప్టెంబరు నుంచి పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం. నా నోటికి ఇంకా పాతదే తిరుగుతుంది, ఏమీ అనుకోకండి.) విశాఖ నుంచి ఓడెక్కితే రెండున్నర రోజులు పట్టే బంగాళాఖాతాన్ని, ఆ గాజు పోగులో వెలుగు సుమారు సెకనులో వందో వంతులో దాటేస్తుంది. చెన్నై ఒడ్డెక్కాక హైదరాబాదు ఎంత దూరం! అక్కడ 2022 నవంబరులో అమెజాన్ తన క్లౌడ్ కేంద్రం తెరిచింది. ముంబైలోది అంతకు ముందే, 2016 నుంచీ ఉంది. క్లౌడ్ అంటే ఆకాశంలో ఏమీ లేదు, గంటల లెక్కన అద్దెకిచ్చే కంప్యూటర్లు. అద్దెకు తీసుకోవడం ఎవరికైనా వస్తుంది. వదిలించుకోవడంలోనే ఉంది విద్యంతా.

మా మనవరాలు ఇంట్లోంచే ఏదో కంపెనీకి పని చేస్తుంది. పరీక్ష కోసం తెరిచిన సర్వర్లను ఆపే పని దానికి అప్పజెప్పారట. "తాతా, నాలుగింటిని పీకేస్తే అయిదు నిమిషాల్లో మళ్లీ నాలుగు లేస్తన్నాయి. ఇదేటి?" అంది తెర నా వైపు తిప్పి.

ఇదేటి అంటే, అమ్మడూ, రక్తబీజుడి కథే. వాడి రక్తం చుక్క నేలన పడితే ఇంకో రక్తబీజుడు లేచేవాడు. నువ్వు నరుకుతున్నది చుక్కల్ని. వరం ఎక్కడుందో చూడలేదు.

అమెజాన్ క్లౌడ్‌లో ఆ వరం పేరు ఆటో స్కేలింగ్ గ్రూప్. ఇంటర్ ఫలితాలు పెట్టే వెబ్‌సైట్ ఒకటి ఉందనుకో. మామూలు రోజుల్లో దానికి రెండు సర్వర్లు చాలు. ఫలితాల రోజు పదకొండింటికి రాష్ట్రమంతా ఒకేసారి మీద పడుతుంది. అప్పుడు యాభై కావాలి, రాత్రికి మళ్లీ రెండు. ఎవరో కూర్చుని ఇవి పెంచుతూ తగ్గిస్తూ ఉండలేరు కనక గ్రూపుకు మూడు అంకెలు రాసిస్తారు: కనీసం ఎన్ని, గరిష్ఠం ఎన్ని, ఇప్పుడు ఎన్ని కావాలి. కొత్త సర్వరు ఎలా ఉండాలో చెప్పే నమూనా ఒకటి, లాంచ్ టెంప్లేట్ అంటారు, దాని పక్కనే పెడతారు. ఇక గ్రూపు పని కాపలా. ఒక సర్వరు పలకకపోయినా, ఎవరైనా చేత్తో తీసేసినా, అంకె తగ్గింది కనక నమూనా చూసి ఇంకొకటి నిలబెడుతుంది. తీసేసింది దొంగా, దొరా అని అడగదు. గ్రూపు అంటే నిజానికి ఆ అంకెలూ ఆ నమూనానే. లోపలి యంత్రాలు వస్తాయి, పోతాయి.

అందుకని చెయ్యవలసింది అంకెల దగ్గర. ముందు కనీసాన్నీ, కావలసిన సంఖ్యనూ సున్నా చెయ్యి. సర్వర్లు వాటంతట అవే దిగిపోతాయి. గ్రూపు ఖాళీ అయ్యాక 'డిలీట్-ఆటో-స్కేలింగ్-గ్రూప్' అని కొట్టి, పక్కన దాని పేరు రాస్తే పోతుంది. లోపల సర్వర్లు ఉండగానే ఆ మాట కొడితే అమెజాన్ ఒప్పుకోదు, ఇంకా వాడకంలో ఉంది అని ఎర్రర్ ఇస్తుంది. అదొక మర్యాద. ఆ మర్యాద అక్కర్లేదనుకునే వాళ్ల కోసం 'ఫోర్స్-డిలీట్' అని ఇంకో ముక్క ఉంది. అది తగిలిస్తే గ్రూపూ సర్వర్లూ కలిసి పోతాయి, ఎవరి కోసమూ ఆగదు. దిగిపోయే ముందు లాగ్ ఫైళ్లు ఇంకోచోటికి కాపీ చేసుకోమని సర్వర్లకు ఏమైనా పని పెట్టి ఉంటే అది కూడా రద్దవుతుంది. రేపు ఏదో తేడా వచ్చి నిన్న ఏం జరిగిందో చూద్దామంటే చూడటానికి లాగులు ఉండవు. పడుచు ఇంజనీర్లకు ఈ ముక్క మహా ఇష్టం. నాకు అసలు ఇష్టం లేదు.

తమాషా ఏమిటంటే గ్రూపు అనే మాటకు ఒక్కో కంపెనీలో ఒక్కో అర్థం. గూగుల్‌లో రెండు రకాలు: మేనేజ్డ్ గ్రూపును తీసేస్తే లోపలి సర్వర్లన్నీ పోతాయి, అన్‌మేనేజ్డ్ గ్రూపును తీసేస్తే పేరు మాత్రం పోయి సర్వర్లు హాయిగా తిరుగుతూనే ఉంటాయి, బిల్లుతో సహా. మైక్రోసాఫ్ట్ అజూర్‌లో రిసోర్స్ గ్రూప్ అంటే ఇంకా పెద్ద సంసారం. దాన్ని డిలీట్ చేస్తే సర్వర్లు, డిస్కులు, నెట్‌వర్క్, డేటాబేస్, అందులో ఏముంటే అవన్నీ కట్టగట్టుకుని పోతాయి.

అడిగే తీరు కూడా వేరు. అజూర్ 'ఖాయమేనా?' అని అడిగి, వై అనో ఎన్ అనో కొట్టేదాకా కూర్చుంటుంది. గూగుల్ కూడా అడుగుతుంది కానీ బ్రాకెట్లో వై పెద్దక్షరం, ఎన్ చిన్నక్షరం ఉంటాయి. అంటే ఏమీ కొట్టకుండా ఉత్త ఎంటర్ నొక్కినా సరే అన్నట్టే. అమెజాన్ కమాండ్ లైన్ అయితే అడగనే అడగదు. అదే వాళ్ల వెబ్‌పేజీలో చేస్తే 'డిలీట్' అని అక్షరాలు టైపు చేయించుకుంటుంది. పేజీలో మౌస్‌తో తిరిగేవాడు పొరపడొచ్చు, నల్ల తెర ముందు కూర్చున్నవాడు తెలిసే చేస్తాడు అని వాళ్ల నమ్మకం కాబోలు.

ఆ నమ్మకం ఎంత ఖరీదైందో 2017 ఫిబ్రవరి 28న అమెజాన్‌కే తెలిసొచ్చింది. అమెరికాలో ఉత్తర వర్జీనియా కేంద్రం. ఎస్3 అనే వాళ్ల నిల్వ సేవలో బిల్లింగ్ నెమ్మదిగా నడుస్తోందని ఒక ఇంజనీరు వెతుకుతున్నాడు. కొన్ని సర్వర్లను పక్కకు తియ్యాలి. చేతిలో రాసిపెట్టిన పద్ధతి ఉంది, కమాండ్ కొట్టడానికి అధికారం ఉంది. అమెరికా పడమటి తీరం లెక్కన ఉదయం 9.37కి, మనకు రాత్రి పదకొండు దాటాక, కమాండ్‌లో ఒక అంశం తప్పుగా పడింది. అనుకున్నదానికంటే చాలా ఎక్కువ సర్వర్లు దిగిపోయాయి. వాటిలో ఏ ఫైలు ఎక్కడుందో గుర్తుపెట్టుకునే సర్వర్లు, కొత్త ఫైలు ఎక్కడ పెట్టాలో చెప్పే సర్వర్లు ఉన్నాయి. ఆ వ్యవస్థల్ని అంత పెద్ద కేంద్రంలో పూర్తిగా ఆపి లేపి ఎన్నో ఏళ్లయింది. అందుకని తిరిగి లేవడానికి నాలుగు గంటల పైన పట్టింది. ఎస్3 మీద ఆధారపడ్డ వెబ్‌సైట్లు ఎన్ని పడ్డాయో లెక్కే లేదు. అన్నిటికన్నా నాకు నచ్చిన ముచ్చట: అమెజాన్ సేవలు బాగున్నాయా లేదా అని చూపించే పేజీ కూడా ఎస్3 మీదే ఆధారపడింది. కాబట్టి కొంతసేపు ఆ పేజీని మార్చడానికి వాళ్లకే వీల్లేకపోయింది.

తర్వాత వాళ్లు ఆ ఇంజనీరు పేరు ఎక్కడా చెప్పలేదు, పనిముట్టును సరిచేశారు. సర్వర్లను మెల్లగా తీసేలా మార్చారు. ఏ వ్యవస్థా తన కనీస సంఖ్య కంటే కిందికి పోయేటట్టయితే కమాండ్ ఆగిపోయేలా అడ్డు పెట్టారు. మనిషిని జాగ్రత్తగా ఉండమని తిట్టడం కంటే ఇది వెయ్యి రెట్లు మేలైన పని అని నా ఉద్దేశం.

అయిదేళ్లకు, 2022 ఏప్రిల్ 5న, అట్లాసియన్ అనే కంపెనీలో ఇంకో రకం ప్రమాదం. పాత యాప్ ఒకదాన్ని తీసెయ్యాలి. యాప్ నంబర్లు ఇవ్వాల్సిన చోట ఖాతాదారుల పూర్తి సైట్ల నంబర్లు చేరాయి. తీసేసే ప్రోగ్రాం రెండు రకాల నంబర్లనూ ఒప్పుకుంటుంది, ఇది యాపా, సైటా అని హెచ్చరించదు. 23 నిమిషాల్లో 883 సైట్లు పోయాయి. అన్నిటినీ తిరిగి తెచ్చేసరికి రెండు వారాలు పట్టింది. ఇచ్చిన జాబితా వేరే.

మా మనవరాలి దగ్గరా చూశాను, జాబితా దగ్గరే పడుతుంది మెలిక. పేరులో 'టెస్ట్' అని ఉన్న గ్రూపులన్నీ ఏరి వరసగా తీసేద్దామని చిన్న లూప్ రాసుకుంది. లేటెస్ట్‌లో కూడా టెస్ట్ ఉందని చూసుకున్నావా అన్నాను. ఒక్క క్షణం నా మొహం చూసి, లూప్‌లో డిలీట్ మాట చెరిపేసి, ముందు పేర్లు మాత్రం ఒక ఫైల్లోకి రాయించింది. ఇక ఆ ఫైలును కళ్లతో చదివి, ఉండాల్సినవే ఉన్నాయని చూసుకుని, ఆ ఫైల్లోంచే డిలీట్ నడపాలి. సర్వర్లను ఒక్కొక్కటిగా తీసే కమాండ్‌కు 'డ్రై-రన్' అని తగిలించి నీకు అధికారం ఉందో లేదో పరీక్షించుకోవచ్చు కానీ, గ్రూపును తీసే కమాండ్‌కు అదీ లేదు. ఇంకొకటి, ఊరు. ముంబైలోనూ హైదరాబాదులోనూ ఒకే పేరుతో రెండు గ్రూపులు ఉండొచ్చు. కమాండ్‌లో ఊరు రాయకపోతే నీ ల్యాప్‌టాప్‌లో ఎప్పుడో పెట్టిన ఊరినే తీసుకుంటుంది. మన దీవికి రెండూ దూరమే కనక తేడా ఏమీ కనపడదు.

గ్రూపు పోయిందని ఊపిరి పీల్చుకోకండి. సర్వరుతో పుట్టిన మొదటి డిస్కు మామూలుగా సర్వరుతోనే పోతుంది. తర్వాత విడిగా తగిలించిన డిస్కులు మాత్రం అమెజాన్‌లో అలాగే ఉండిపోతాయి. జనాన్ని సర్వర్లకు పంచిపెట్టే లోడ్ బ్యాలెన్సరు గ్రూపుతో పోదు, దాని గంటలూ తిరుగుతుంటాయి. పట్టి ఉంచుకున్న పబ్లిక్ ఐపీ చిరునామాలకు 2024 ఫిబ్రవరి 1 నుంచి, వాడినా వాడకపోయినా, గంటకు 0.005 డాలర్లు. చిన్న మొత్తమే కదా అనిపిస్తుంది. పది చిరునామాలు ఏడాది పాటు మరిచిపోతే నాలుగు వందల డాలర్లు దాటుతుంది.

మీ ఇంట్లో అమెజాన్ క్లౌడ్ ఖాతా ఉన్న పిల్లలుంటే ఈ ఆదివారం ఒక పని చెప్పండి. డిస్కుల పట్టిక తెరిచి, ఒక్కోదాని ఎదురుగా ఏముందో చదవమనండి. సర్వరుకు తగిలి ఉన్నదానికి 'ఇన్-యూజ్' అనీ, ఎవరికీ చెందకుండా బిల్లు ఎక్కుతున్నదానికి 'అవైలబుల్' అనీ ఉంటుంది.