అందుగు చెట్టు: దాని పెంపకము, వినియోగము

నేటి ప్రసంగమునకు నేను గైకొనిన విషయము అందుగు చెట్టు. మెట్టకొండల ప్రక్కను కాపురముండువారిలో దీనిని చూడనివారరుదు; చూచియు పేరెఱుగనివారు మాత్రము పెక్కండ్రు. వేసవిలో ఒక్క ఆకైనను లేక, బెరడు పలుచని కాగితపు పొరలవలె ఊడిపోవుచుండగా, మన్ను చాలని రాతిగుట్టపై బూడిదవన్నెతో నిలిచియుండు చెట్టు అదియే. నల్లమల కొండలయందును, తెలంగాణమునందలి ఎండుటడవులయందును, మధ్యప్రదేశ రాజస్థానాది దేశములయందును ఇది పెరుగును.

తొలుత పేర్ల చిక్కు విప్పవలసియున్నది. పేరు తప్పినచో సరకు తప్పును. సరకు తప్పినచో మందు తప్పును. అంగడికి పోయి సాంబ్రాణి యిమ్మనినచో నేడు తఱచుగా దొరకునది సుమత్రా మొదలగు తూర్పుదీవులనుండి వచ్చు వేఱొక చెట్టు జిగురు. గుగ్గిలమనునది ముఖ్యముగా సాలవృక్షజాతి చెట్లనుండి కాఱునది. మహిసాక్షి యని వైద్యులు కోరునది గుగ్గులు. అది కచ్ఛదేశమునను రాజస్థానమునను ఎడారిభూములలో పెరుగు ముండ్లపొదనుండి లభించును. అందుగు జిగురునకు మనవారు పెట్టిన పేరు పరంగి సాంబ్రాణి. మన గుట్టమీదనే పుట్టి, మన యెండకే ఎండి, మన వానకే చిగుర్చు చెట్టునకు పరంగి యను విశేషణము తగిలించుట వింతయే. ఇంటి వస్తువునకు పొరుగుదేశపు పేరు పెట్టినగాని వెల రాదని యెవడో వర్తకుడు తలచియుండును కాబోలు!

సంస్కృతమున దీనిని శల్లకి యనియు, కుందురుకి యనియు అందురు. అమరసింహుడు వనౌషధివర్గమున దీనికి గజభక్ష్య యనియు పేరు చెప్పినాడు. ఏనుగులు దీని కొమ్మలను ప్రీతితో మేయునని భావము. నేను బడిలో అమరము చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, "అయ్యా, ఏనుగులు లేని ఊళ్లలో దీని నెవరు తిందురు?" అని యడిగెను. గొడ్డలి తినునని వానికి చెప్పితిని. పిల్లలందఱు నవ్విరి గాని, ఆ మాట నవ్వులాట కాదు.

అంగడిలో కొన్న జిగురు అందుగుదా కాదా యని తెలియుటకు ఒక సులభమైన పరీక్ష యున్నది. చిన్న ముక్కను కల్వమున వేసి నీటితో నూఱవలెను. అందుగు జిగురులో నీట కరగు బంకయు, కరగని గుగ్గిలమును, సువాసనగల తైలమును మూడును కలిసియుండుటచే నీరు పాలవలె తెల్లనగును. సాలవృక్షపు గుగ్గిలమును ఎంత నూఱినను అట్లు కాదు; పొడి అడుగునకు దిగును. అయితే మహిసాక్షియు నీటితో నూఱిన పాలవలెనే యగును. కనుక ఆ రెంటిని వాసనచేతను వన్నెచేతను వేఱుపఱుపవలెనే కాని నీటిచేత కాదు.

పాశ్చాత్యులు దీనిని ఎఱిగిన కథలో మన దేశమునకును కొంత భాగము కలదు. శాస్త్రమున దీని పేరునకు ప్రక్కను నిలిచియుండు రాక్సుబర్గు దొర, గోదావరి మండలమునందలి సామర్లకోటలో తోట వేసి పెక్కేండ్లు మన మొక్కలను పరిశీలించినవాడు. 1807 లో కోలుబ్రూకు పండితుడు ఈ చెట్టును వర్ణించుచు, యవనులును రోమనులును దేవాలయములలో ధూపము వేసిన సుగంధము దీనినుండియే వచ్చినదని వాదించెను. ఆ వాదము పిమ్మట నిలువలేదు. వారి ధూపము అరేబియాలోను ఆఫ్రికాలోను పెరుగు చెట్లది. ఐనను అవి మన అందుగునకు దాయాదులే. తిరుమల శేషాచలములపై కొండసాంబ్రాణి యను మఱియొక సోదరజాతి కలదు. అది ఆ ప్రాంతపు తూర్పుకనుమలయందు తప్ప లోకమున వేఱెచ్చటను స్వయముగా పెరుగదు. దానిని శాస్త్రజ్ఞులు ప్రత్యేకజాతిగా గుర్తించినది 1961 లో మాత్రమే.

ఇక చెట్టు స్వభావము. ఇది ముప్పది నలువది అడుగుల ఎత్తు పెరుగును. ఆకులు వేపాకువలె ఈనెకు ఇరువైపుల జతలుగానుండి, అంచులు ఱంపపు పండ్లవలె నుండును. మాఘఫాల్గుణములనాటికి ఆకు రాల్చి, వట్టి కొమ్మలకే తెల్లని చిన్న పూలు పూయును. ఎండకాలమున కాయలు ముదిరి మూడు చెక్కలుగా పగులును. తొలకరికి మరల చిగుర్చును. నీరు లేని నెలలలో ఆకు లేకుండుటయే దాని ఉపాయము; ఆకు లేనిచోట నీరు ఆవిరియై పోవుటయు లేదు. కార్చిచ్చు వచ్చినను పెద్దచెట్టు తక్కిన చెట్లకంటె మేలుగా ఓర్చుకొనును. నీడను మాత్రము ఓర్వదు, నీరు నిలుచు నేలను అసలే ఓర్వదు.

ఇన్ని గుణములున్నను కొండలమీద లేత అందుగులు కానరాకుండుటకు కారణమేమి? ముసలిచెట్లే నిలిచి, పిల్లచెట్లు లేని గుట్ట, ముసలివారే మిగిలిన ఇంటివంటిది. విత్తనములలో మొలకెత్తునవి స్వల్పము. మొలచినదానిని ఏటేట వచ్చు మంట కాల్చును, మందలు త్రొక్కును. దీనికి తోడు మితిమీఱిన గాట్లు. ఆఫ్రికాలోని ఎరిత్రియా దేశమున దీని దాయాది చెట్లను పరిశీలించి 2006 లో ప్రకటించిన విషయము పెద్దలు వినదగినది. గాటుపెట్టని చెట్ల విత్తనములు నూటికి ఎనుబదికి పైగా మొలచినవి. విపరీతముగా గాట్లు పెట్టిన చెట్లవి నూటికి పదునాఱైనను మొలవలేదు. చెట్టు తన సారమంతయు గాయము మాన్పుకొనుటకే వెచ్చించి, బిడ్డలకు ఏమియు మిగుల్పలేకపోయినదన్నమాట. ఆ దేశమందును, దాని ప్రక్కనున్న ఇథియోపియా, సూడానులందును లేతచెట్లు లేకపోవుటచే, ఇరువదేండ్లలో ధూపద్రవ్యపు రాబడి సగమగునని 2019 లో మఱియొక బృందము లెక్కవేసినది. మన కొండల గతియు అట్లు కానేల?

కావున పెంపకమును గూర్చి చెప్పెదను. విత్తనమును నమ్ముకొనుటకంటె కొమ్మను నమ్ముకొనుట మేలు. చెట్టు ఆకులేక నిద్రించుచున్న కాలమున, మణికట్టుకంటె లావైన కొమ్మను నిలువెత్తు పొడవున నఱకి, రెండడుగుల గుంటలో నాటి, మన్ను గట్టిగా త్రొక్కవలెను. తొలకరికి ముందే యీ పని ముగియవలెను. ఇచ్చట చాలమంది మోసపోవుదురు. నాటిన కొమ్మ కొన్నాళ్లకు చిగుర్చును. రైతు సంతోషించి బ్రదికినదనుకొనును. అది కొమ్మలో దాచియున్న సారముచే వచ్చిన చిగురు మాత్రమే. వేరు ఇంకను పుట్టియుండదు. అట్టి సమయమున దానిని కదల్చినను, పశువు రాచుకొన్నను చచ్చును. ఒక వానకాలము గడచి, మఱుసటి యేడు మరల చిగుర్చినప్పుడే అది బ్రదికినట్లు లెక్క. నాటినవన్నియు దక్కవు, దక్కనివాని గుంటలలో మరల నాటవలెను. కొమ్మకు కొమ్మకు పండ్రెండు పదునైదడుగుల ఎడముండుట మంచిది. చుట్టును ముండ్లకంప, వేసవికి ముందు గడ్డి చెక్కిన అగ్గిబాట, ఈ రెండును లేక నాటుట వ్యర్థము. పాతచెట్టు వేళ్లనుండి పిలకలు లేచినచో వానిని కాపాడుట అన్నిటికంటె సులువు. వానికి గుంటయు త్రవ్వనక్కఱలేదు.

జిగురు తీయు పద్ధతి మఱియు జాగ్రత్తగా వినవలయును. జిగురు నాళములుండునది బెరడులోనే గాని కఱ్ఱలో కాదు. కనుక గొడ్డలితో చేవదాక నఱకుటచే అదనముగా వచ్చునదేమియు లేదు. చెట్టు మాత్రము పుచ్చి చచ్చును. మూడడుగులకు తక్కువ చుట్టుకొలతగల చెట్టును ముట్టరాదు. కార్తికమునుండి తొలకరికి ముందువఱకు దీనికి కాలము. నేలకు జానెడు ఎత్తున, ఎనిమిదంగుళముల వెడల్పు, అడుగు ఎత్తుగల భాగమున పదునైన కత్తితో బెరడు పైభాగమును పలుచగా చెక్కవలెను. జిగురు ముత్యములవలె ఊరి గట్టిపడును. దానిని గీకి తీసికొని, కొన్నాళ్లకొకసారి ఆ గాయపు పైయంచును సన్నముగా చెక్కి క్రొత్తచేయవలెను. చెట్టు చుట్టును త్రిప్పి చెక్కిన యెడల అది ఉరి బిగించినట్లే. ఈ క్రమమున ఒక్కొక్క చెట్టు ఏటికి సుమారు కిలో మొదలు కిలోన్నర వఱకు ఇచ్చును. మూడేండ్లు తీసినపిదప అన్నియేండ్లయినను దానిని విడువవలెను. అంతకంటె ఎక్కువ వచ్చునని చెప్పి ఏవేవో రసాయనములు పూయువారున్నారు; వారు గుడ్డుకొఱకు కోడిని కోయువారు.

తీసిన జిగురు వెంటనే అమ్మకమునకు పనికిరాదు. వెదురుగంపలో పోసి నెలదాక ఉంచినచో, అందలి జాఱు రసము క్రిందికి కాఱును. ఆ రసమును పాత్రలో పట్టుకొనవచ్చును. మిగిలినది గట్టిపడిన తరువాత కొయ్యసుత్తితో పగులగొట్టి, బెరడుముక్కలును మన్నును ఏరివేసి, వన్నెను బట్టియు ముక్క పరిమాణమును బట్టియు వేఱుచేయుదురు. లేతపసుపు వన్నెతో పారదర్శకముగానుండు ముక్కకు వెల హెచ్చు. ఏరక గంపగుత్తగా అమ్మువానికి మట్టివెలయే దక్కును. ఈ ఏరుటలోనే కూలి యంతయు ఉన్నదని మధ్యప్రదేశమున షియోపూరు ప్రాంతపు సహరియా గిరిజనులవంటి సేకరణకర్తల బ్రదుకు చూచినవారు గ్రహింతురు.

ధూపమునకు దీని వినియోగము అందఱెఱిగినదే. తలుపులు మూసిన గదిలో పసిబిడ్డల యొద్ద దట్టముగా పొగవేయుట మాత్రము మంచిదికాదు. ఏ పొగయైనను ఊపిరితిత్తులకు పొగయే. వైద్యమున శల్లకిని కీళ్లవాపులకు పూర్వులు చెప్పిరి. 1986 లో జమ్ముపట్టణపు ప్రాంతీయ పరిశోధనశాలవారు దీని సారమునకు వాపు తగ్గించు గుణము కలదని ప్రకటించిరి. నాగపురమున 30 మంది మోకాలినొప్పి రోగులకు ఇచ్చి చూడగా నొప్పియు వాపును తగ్గినవని 2003 లో ప్రకటితమైనది. ముప్పదిమంది చిన్నలెక్కయే యని గుర్తుంచుకొనవలెను. అంగడి జిగురును ఇంట నూఱి మ్రింగుటకంటె వైద్యునడిగి వాడుట యుక్తము. గర్భవతులు అడుగక ముట్టరాదు.

కఱ్ఱ మెత్తనిది. అగ్గిపుల్లలకును పెట్టెలకును వచ్చును. 1956 లో ఆరంభింపబడిన నేపానగరపు కాగితపు కర్మాగారము ఈ కఱ్ఱ గుజ్జుతో వార్తాపత్రికల కాగితము చేసినది. ఇంటి దూలమునకు మాత్రము దీనిని నమ్మరాదు, పురుగు పట్టును.

ఒక మాట పెద్దలకే చెప్పవలసినది. 2006 నాటి అటవీహక్కుల చట్టము ప్రకారము, అడవినాశ్రయించి బ్రదుకువారికి కఱ్ఱ తక్క తక్కిన చిన్న అటవీఫలసాయముపై హక్కు గుర్తింపబడినది. దానిని కాపాడు అధికారము గ్రామసభకును కలదు. హక్కుపత్రము లేని చోట అటవీశాఖవారి యనుమతి ముందుగా తీసికొనవలెను. ఆపై వర్తకునితో బేరమాడుటకు ముందు, సభలో కూర్చుండి మూడు లెక్కలు వ్రాసికొనుడు: గుట్టమీద మూడడుగులు దాటిన చెట్లెన్ని, ఈ యేడు విశ్రాంతి నీయవలసినవెన్ని, లేతపిలకలెన్ని. మొదటి లెక్కలోనుండి రెండవది తీసివేయగా మిగిలిన చెట్లకే కత్తి. కత్తి పట్టువానిని వర్తకుడు కాక గ్రామసభయే ఎన్నుకొనవలెను. వాని కూలిని తీసిన జిగురు తూకమును బట్టి గాక, చెక్కిన చెట్ల లెక్కను బట్టి ఇచ్చినచో గాయము లోతునకు పోదు.