నేలరాలిన పక్షికూన నిజంగా అనాథేనా?

ఎండాకాలం ప్రవేశించేసరికి దేశంలో చాలాచోట్ల కాకులు, గోరింకలు, పిగిలిపిట్టలు గూళ్ళు కట్టి పిల్లలను పొదుగుతాయి. ఆ రోజుల్లో పెరటిలోనో, బడి ఆవరణలోనో, బాటపక్కనో ఒక చిన్న కూన నేలమీద కనబడడం అరుదు కాదు. చూసినవారి మనసు కరుగుతుంది. ఒకరు దాని నోట్లో నీళ్ళు పోస్తారు. మరొకరు పాలలో రొట్టె నానబెట్టి తెస్తారు. ఇంకొకరు అట్టపెట్టెలో పెట్టుకొని ఇంటికి తీసుకుపోతారు. మరునాటికి ఆ కూన కన్నుమూస్తుంది. అలా పోయే కూనలలో చాలావాటిని బలిగొన్నది తొందరపడిన దయే.

ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఆ కూన నిజంగా తల్లిదండ్రులను కోల్పోయిందా? సగం జవాబు దాని ఒంటిమీదే ఉంటుంది. ఒళ్ళు బోసిగానో, అక్కడక్కడ నూగుతోనో ఉండి, కళ్ళు ఇంకా సరిగా తెరవకపోతే అది గూటిలో ఉండవలసిన పసికూన. గాలికో, గూడు చెదిరో కిందపడింది. అలా కాక, ఒంటినిండా ఈకలు వచ్చి, తోక మాత్రం పొట్టిగా ఉండి, కాళ్ళమీద నిలబడి గెంతుతూ ఉంటే అది ఎగరడం నేర్చుకుంటున్న పిల్ల.

ఊరపిచ్చుక పిల్ల గుడ్డునుంచి వెలువడిన సుమారు రెండు వారాలకు గూడు విడుస్తుంది. ఆ తరవాత కూడా కొన్నాళ్ళపాటు పెద్దపక్షులు దానికి మేత అందిస్తూనే ఉంటాయి. కాకి పిల్లలైనా, గోరింక పిల్లలైనా ఇలాగే కొమ్మకూ నేలకూ మధ్య తడబడుతూ రెక్కల బలం సంపాదించుకుంటాయి. అటువంటి పిల్లను రక్షిస్తున్నామనుకొని ఇంటికి తీసుకుపోవడమంటే, తప్పటడుగులు వేస్తున్న పసివాణ్ణి తల్లి చూస్తూ ఉండగానే ఎత్తుకుపోవడం.

అందుచేత అక్కడ చేయవలసిన పని వెనక్కి తగ్గడమే. కుక్కలనూ పిల్లులనూ దూరంగా తరిమి, గుమిగూడిన జనాన్ని పంపివేసి, కిటికీ వెనకనుంచి ఒకటి రెండు గంటలు ఓపికగా గమనించాలి. మనిషి దగ్గరలో ఉన్నంతసేపూ తల్లి కిందికి దిగదు. కాకి తలమీద తన్నబోయినా, గోరింక గోల చేసినా కోపగించుకోనక్కరలేదు. కూనకు పెద్దదిక్కు ఉన్నదనడానికి అంతకన్న సాక్ష్యం ఏం కావాలి? పిల్ల బాటమధ్య ఉంటే మెల్లగా ఎత్తి దగ్గరి పొదలోనో, ఎత్తు తక్కువ కొమ్మమీదో ఉంచితే చాలు.

ఒక్కొక్కప్పుడు కోకిల పిల్లకు కాకి మేత పెడుతూ కనిపిస్తుంది. ఇది పొరపాటు కాదు. కోకిల కాకిగూటిలో గుడ్లు పెడుతుందని మన పూర్వులు ఎరుగుదురు. సంస్కృతంలో కోకిలకు పరభృతమనీ, కాకికి పరభృత్తనీ పేర్లు వచ్చింది అందుకే. ఆ పిల్లకు పెంపుడుతల్లి కాకే కనుక వాటిని విడదీయరాదు.

మనిషి చేయి సోకిన కూనను తల్లి దగ్గరికి రానివ్వదన్న నమ్మకం చాలామందిలో ఉంది. అది నిజం కాదు. చేతి వాసన తగిలినంత మాత్రాన పక్షులు తమ పిల్లలను విడిచిపెట్టవు. కాబట్టి గూడు అందుబాటులో ఉంటే పసికూనను తిరిగి అందులో ఉంచడమే ఉత్తమం. గూడు పాడైపోతే, అడుగున నీరు నిలవని చిన్న వెదురుబుట్టలో ఎండుగడ్డి పరిచి, కూనను అందులో ఉంచి, ఆ చెట్టుకే నీడపట్టున కట్టాలి. తరవాత మళ్ళీ దూరంనుంచి గమనించాలి.

తల్లి మరణించినట్టు తెలిసినప్పుడు, గంటలు గడిచినా ఏ పెద్దపక్షీ రానప్పుడు, రెక్క వేలాడుతున్నప్పుడు, నెత్తురు కారుతున్నప్పుడు మనిషి సహాయం అవసరం. పిల్లి నోటపడిన కూనను పైకి గాయం కనిపించకపోయినా పశువైద్యునికి చూపించాలి. సూదిమొనంత పంటిగాటులోనుంచి ప్రవేశించిన సూక్ష్మజీవులు సైతం దాని ప్రాణం తీయగలవు.

వైద్యుని వద్దకు చేర్చేవరకు, గాలి ఆడే రంధ్రాలున్న అట్టపెట్టెలో మెత్తని గుడ్డ పరిచి, చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్నచోట ఉంచాలి. చల్లబడిన కూనకు మేతకన్న ముందు వెచ్చదనం కావాలి. వెచ్చని నీళ్ళసీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టవచ్చు. ఎండదెబ్బకు నోరు తెరిచి రొప్పుతున్నదానికి మాత్రం చల్లని నీడ కావాలి.

నోట్లో నీళ్ళు ఎంతమాత్రం పోయరాదు. పక్షి శ్వాసనాళం నాలుక మొదటనే తెరుచుకుంటుంది. పైనుంచి పోసిన నీరు ఊపిరితిత్తులలోకి పోగలదు. పాలు వాటికి జీర్ణం కావు. రొట్టె, అన్నం కడుపు నింపుతాయేగాని పోషణ ఇవ్వవు. గింజలు తినే పిచ్చుక సైతం తన పిల్లలకు ఎక్కువగా పురుగులనే తెచ్చిపెడుతుంది. పావురం తన గొంతు దిగువ సంచిలో ఊరే పాలవంటి పదార్థాన్ని పిల్లలకు అందిస్తుంది. గద్దపిల్లకు మాంసం కావాలి. కూన ఏ జాతిదో తెలియకుండా మేత పెట్టడం, రోగమేదో తెలియకుండా మందు వేయడమే. తాకిన తరవాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఒకేచోట పలు పక్షులు చచ్చిపడి ఉంటే వాటిని ముట్టుకోక, పశుసంవర్ధక శాఖకు తెలియజేయాలి.

కోలుకున్న కూనను ఇంట్లోనే పెంచుకోవచ్చునా? కూడదు. రామచిలుకతో సహా మన దేశపు వన్యపక్షులను పట్టి పెంచడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది. అందుకే అటవీశాఖకు గాని, వారి అనుమతితో పనిచేసే సంరక్షణ కేంద్రానికి గాని అప్పగించాలి. ఢిల్లీలో ఎర్రకోట ఎదుటి జైనమందిరం ఆవరణలో పక్షులకోసమే ఒక ధర్మాసుపత్రి ఉన్నది.

చట్టానికి వెనక శాస్త్రమూ ఉన్నది. గుడ్డునుంచి వెలువడిన పెద్దబాతు పిల్లలు తల్లికి బదులు తననే చూసి, తననే తల్లిగా భావించి వెంట నడవడాన్ని ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కోన్రాడ్ లోరెంజ్ వివరించాడు. జంతుప్రవర్తనపై పరిశోధనలకు 1973లో ఆయన మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. పక్షులన్నీ బాతుపిల్లలంత త్వరగా మనిషికి లోబడకపోవచ్చు. అయినా ఒంటరిగా మనిషి చేతిలో పెరిగిన పక్షి తన జాతి పిలుపులనూ, మేత వెదికే విద్యనూ, శత్రుభయాన్నీ నేర్చుకోలేదు. దానికి స్వేచ్ఛ ఇచ్చిన రోజే ప్రమాదం మొదలవుతుంది.

పెంచుకుంటామని పిల్లలు మారాం చేస్తే కసరనక్కరలేదు. వారిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, చప్పుడు చేయకుండా చూడమంటే చాలు. తల్లి పురుగు తెచ్చి కూన నోటికందించడం కళ్ళారా చూసిన తరవాత పంజరం మాట వారికి గుర్తు రాకపోవచ్చు.