టక్కు... టక్కు... ఎక్కడిదీ చప్పుడు?

గుడివాడ నుంచి గుడ్లవల్లేరు, కవుతరం, పెడన మీదుగా బందరు వెళ్లే దారిలో మీరెప్పుడైనా పాత అంబాసిడర్ కారు ఎక్కారా? గతుకు వచ్చినప్పుడల్లా అడుగునుంచి ‘టక్కు’మని చప్పుడు వస్తుంది. ముందు సీట్లో కూర్చున్నవారు “అది వెనకనుంచి” అంటారు. వెనక సీట్లోవారు “కాదు, ముందునుంచే” అంటారు. అందరికీ చెవులున్నాయి. మరి ఈ తగాదా ఎందుకు?

కారణం ఉన్నది. ఆరుబయట పక్కనుంచి వచ్చే చప్పుడు ఒక చెవికి ముందు, రెండో చెవికి రవంత ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడాను బట్టి మెదడు దిక్కును పోల్చుకుంటుంది. కారులో అలా కుదరదు. ధ్వని గాలిలో సెకండుకు సుమారు 340 మీటర్లు పోతే, ఉక్కులో సుమారు 5,000 మీటర్లు పోతుంది. అడుగున ఏ మూల దెబ్బ తగిలినా బాడీ అంతా ఒక్కసారిగా అదురుతుంది. చప్పుడు అన్ని వైపులనుంచీ వస్తున్నట్టే ఉంటుంది. కాబట్టి చెవి ఒక్కటే చాలదు, దానికి తోడు లెక్క కావాలి.

అసలు చప్పుడెందుకు పుడుతుంది?

అంబాసిడర్ కారుకు మాతృక ఇంగ్లండు కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో 1950ల చివర మొదలైన దీని తయారీ 2014లో ఆగిపోయింది. అంటే, ఇప్పుడు రోడ్డు మీద కనిపించే ప్రతి అంబాసిడరూ వయసు మీరినదే.

దీని వెనక చక్రాల దగ్గర కమాను కట్టలుంటాయి. వంపు తిరిగిన ఉక్కు పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన కట్టలవి. ముందు చక్రాలకు పొడవాటి ఉక్కు కడ్డీలుంటాయి. చక్రం పైకి లేస్తే కమాను వంగుతుంది, కడ్డీ మెలితిరుగుతుంది. ఎంత వంచితే అంత బలంగా అది తిరిగి మొదటి రూపానికి రావాలని చూస్తుంది. ఈ సూత్రాన్ని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు.

ఇనుము ఇనుముకు తగలకుండా అతుకుల దగ్గర రబ్బరు బుష్షులు వేస్తారు. క్రికెట్ బంతిని పట్టేటప్పుడు మీరు చేతులు వెనక్కి లాక్కుంటారు కదూ? బంతి ఆగడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, అందువల్ల దెబ్బ తగ్గుతుంది. రబ్బరు చేసే పనీ అదే. ఎండకూ నూనెకూ ఆ రబ్బరు పాడైపోయిందనుకోండి. అక్కడ సందు ఏర్పడుతుంది. గతుకు రాగానే ఇనుము ఆ సందు దాటి అవతలి ఇనుమును కొడుతుంది. మీరు విన్న ‘టక్కు’ అదేనన్నమాట!

కృష్ణా డెల్టాలో కార్లకు ఇంకో రెండు కష్టాలున్నాయి. నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. దాని మీది రోడ్డు అలలు తిరుగుతుంది. ఇక బందరు తీరంలోనూ, దివిసీమలోనూ ఉప్పుగాలి. ఉప్పు కలిసిన తడి ఇనుముకు త్వరగా తుప్పు పట్టిస్తుంది.

ఒక సెకండు లెక్క

ముందుగా డిక్కీ ఖాళీ చేయించండి. స్టెప్నీ, జాకీ, పానాలు దొర్లినా ఇలాంటి చప్పుడే వస్తుంది.

తరువాత కారును నున్నటి రోడ్డు మీద నడపమనండి. చక్రం చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. గంటకు 36 కిలోమీటర్లంటే సెకండుకు 10 మీటర్లు, అంటే చక్రం సెకండుకు 5 చుట్లు తిరుగుతుంది. గతుకు లేకపోయినా చప్పుడు తాళం వేసినట్టు వస్తూ, వేగంతోపాటు త్వరపడుతుంటే, తప్పు తిరిగే భాగంలో ఉన్నది. గతుకులో మాత్రమే వస్తే కమాన్లనూ, వాటి అతుకులనూ అనుమానించాలి.

ఇప్పుడు అసలు పరీక్ష. రద్దీ లేని చోట స్పీడు బ్రేకర్ మీదుగా గంటకు 9 కిలోమీటర్ల వేగంతో పోనివ్వమనండి. అంటే సెకండుకు రెండున్నర మీటర్లు. అంబాసిడర్ ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం సుమారు 2.46 మీటర్లు. కనుక ముందు చక్రం ఎక్కిన ఒక సెకండుకు వెనక చక్రం ఎక్కుతుంది. చప్పుడు ముందు చక్రంతోపాటే వచ్చిందా? తప్పు ముందున్నది. సెకండు తరువాత వచ్చిందా? వెనక ఉన్నది. అదే 36 కిలోమీటర్ల వేగంలో అయితే ఆ వ్యవధి పావు సెకండే. సీట్లలో తగాదా అందుకే వచ్చింది!

ఆ తరువాత ఎడమ చక్రాలు మాత్రమే గతుకులో దిగేటట్టు ఒకసారి, కుడి చక్రాలు మాత్రమే దిగేటట్టు ఒకసారి నడిపించాలి. నాలుగు మూలల అనుమానం మొదటి పరీక్షతో రెండింటికి, రెండో పరీక్షతో ఒక్కదానికి తగ్గిపోయింది, చూశారా!

ఆ మూల దొరికాక

వెనక మూల అయితే మెకానిక్ కమాను బుష్షులు, యూ బోల్టులు చూస్తాడు. పట్టీ ఏదైనా విరిగిందేమో వెతుకుతాడు. ఆ మూలను కిందికి నొక్కి వదిలితే, షాకబ్జర్ బాగుంటే కారు పైకి లేచి వెంటనే కుదుటపడుతుంది. మళ్లీ మళ్లీ ఊగితే షాకబ్జర్ అరిగిందన్నమాట.

ముందు మూల అయితే చక్రాన్ని జాకీతో లేపి, పైనా కిందా పట్టుకుని ఊపుతాడు. మెత్తని రేగడి నేలలో జాకీ దిగబడుతుంది. కింద వెడల్పాటి చెక్క వేస్తే బరువు ఎక్కువ చోటికి పంచుకుపోతుంది. చక్రం కదిలితే, ఇంకొకరిని బ్రేకు తొక్కమంటాడు. అప్పుడు కదలిక ఆగిపోతే లూజు చక్రం బేరింగులో ఉన్నది. ఆగకపోతే చక్రాన్ని పక్కకు మళ్లించే కీలులో ఉన్నది.

ఈ రెండో సంగతి చాలా ముఖ్యం. వెనక బుష్షు అరిగితే మొదట మనకు చికాకే. ముందు కీలు బాగా అరిగి ఊడిపోతే మాత్రం చక్రం స్టీరింగు మాట వినదు. మన డెల్టాలో ఎన్నో రోడ్లు కాలవగట్ల మీద పోతాయి. పక్కనే నీళ్లు! చెవికి ఒక్కలాగే ఉన్నా, అన్ని ‘టక్కు’లూ ఒకటి కావు. అందుకే ఊహతో సామాను మార్చకూడదు. ఒకసారికి ఒక్కటే మార్చి, మళ్లీ అదే గతుకు మీద నడిపి వినాలి.

జాకీ మీద నిలిపిన కారు కిందికి మీరు మాత్రం దూరవద్దు. ఆ పని పెద్దలది. మీకు సైకిలున్నది కదా! ముందు బ్రేకు గట్టిగా పట్టి, సైకిలును ముందుకూ వెనక్కూ ఊపండి. హ్యాండిల్ కింద చెయ్యి పెడితే ‘టక్కు’ తగులుతున్నదా? అక్కడి కప్పులు లూజయ్యాయన్నమాట. కాని బ్రేకు దిమ్మలు లూజైనా ఇలాంటి కదలికే వస్తుంది. ఏది ఏదో ఎలా తేలుస్తారు? ఒకసారికి ఒక్కటే బిగించి, మళ్లీ ఊపి చూడండి.