ఊహలో ఆకు తెంపితే చెయ్యి లేస్తుందా?

పక్షవాతంతో పడిపోయిన చేతిని కదిలిస్తున్నట్టు మనసులో ఊహించుకుంటే కదలిక తిరిగి వస్తుందంటారు. ఇది నిజమా, ఉత్త ఓదార్పు మాటా? ఊహించుకుంటే చాలు, చెయ్యి దానంతటదే లేస్తుందనుకుంటే మోసపోతాం. ఊహతో ఏమవుతుందిలే అని కొట్టిపారేసినా నష్టపోతాం. చేతి వ్యాయామానికి జతగా, రోజూ, పద్ధతిగా చేస్తేనే ఊహాభ్యాసం పనికొస్తుంది.

దుమ్ముగూడెం లాంటి చోట దీని అవసరం మరీ ఎక్కువ. ఇక్కడి నుంచి భద్రాచలం ఏరియా ఆస్పత్రికి పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. లోపలి గూడేల నుంచైతే ఇంకా దూరం. ఖమ్మం వెళ్లాలంటే వంద కిలోమీటర్లు దాటాలి. కాలూ చెయ్యీ పడిపోయిన మనిషిని ఆటో ఎక్కించి వారానికి రెండు మూడుసార్లు ఫిజియోథెరపీకి తిప్పడం కూలికి పోయే ఇంటికి అయ్యే పని కాదు. అందుకే ఒకసారి ఆస్పత్రికి వెళ్లొచ్చాక మళ్లీ వెళ్లేదాకా మంచం మీద ఊరికే గడిచిపోయే రోజుల గురించి ఆలోచించాలి. ఊహాభ్యాసానికి యంత్రం అక్కర్లేదు, బస్సు ఛార్జీ అక్కర్లేదు.

జబ్బు చేతిలో లేనప్పుడు చెయ్యెందుకు పడిపోతుంది?

మెదడులో ఒక రక్తనాళం గడ్డ అడ్డుపడి మూసుకుపోతుంది, లేదా చిట్లుతుంది. ఆ నాళం మీద ఆధారపడ్డ కణాలు చనిపోతాయి. ఎడమ మెదడు కుడిచేతిని, కుడి మెదడు ఎడమచేతిని నడిపిస్తాయి కాబట్టి, దెబ్బ ఒకవైపు తగిలితే చెయ్యి రెండోవైపు పడిపోతుంది. చేతి కండరం మాత్రం మొదట్లో బాగానే ఉంటుంది, దానికి ఆజ్ఞ అందదు అంతే. పావురం రక్తం పూసినా, ఎన్ని నూనెలు రాసినా ఆ లోపం తీరదు.

చనిపోయిన కణాలు తిరిగి రావు. కానీ వాటి చుట్టూ బతికున్న కణాలు, వాటితో ముడిపడ్డ ఇతర భాగాలు కొత్త పని నేర్చుకోగలవు. గోదావరి వరదకు చర్ల రోడ్డు మునిగితే మనం పొలం గట్ల మీదుగా, అడవి బాటల మీదుగా చుట్టుదారి పడతాం. నలుగురూ నడిచేకొద్దీ ఆ బాట గట్టిపడుతుంది, ఎవరూ నడవకపోతే గడ్డి మొలిచి పూడుకుపోతుంది. మెదడులో కొత్త దారుల సంగతీ అదే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మొదటి వారాల్లో మనిషి చెయ్యి ఎత్తబోతాడు. లేవదు. మళ్లీ ప్రయత్నిస్తాడు, లేవదు. ఇక మంచిచేత్తోనే అన్నీ కానిచ్చుకోవడం అలవాటవుతుంది. కొన్నాళ్లకు మెదడు కాస్త కోలుకుని చెయ్యి కదిలే వీలు వచ్చినా, అడగడం మానేసిన చెయ్యి అలాగే పడి ఉంటుంది. అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టాబ్ దీన్ని నేర్చుకున్న వాడకలేమి అన్నాడు. చెయ్యి లేవని రోజుల్లో కూడా మెదడు దాన్ని అడగడం మానెయ్యకుండా చూడటానికే ఊహాభ్యాసం.

ఊహిస్తే మెదడులో నిజంగా ఏమైనా జరుగుతుందా?

జరుగుతుంది. 1995లో అల్వారో పాస్కువల్-లియోన్ బృందం పియానో రానివాళ్లకు అయిదు వేళ్లతో వాయించే ఒక చిన్న వరస ఇచ్చింది. కొందరు రోజుకు రెండు గంటల చొప్పున అయిదు రోజులు వాయించారు. మరికొందరు పియానో ముందే కూర్చున్నారు గానీ వేళ్లు కదపకుండా, వాయిస్తున్నట్టు ఊహించుకున్నారు. తర్వాత పరీక్షిస్తే, వేళ్లను నడిపే మెదడు భాగం రెండు గుంపుల్లోనూ ఒకే తీరుగా విస్తరించింది. నైపుణ్యంలో ఊహించినవాళ్లు వెనకబడ్డారు. కానీ వాళ్లు ఒక్క రెండు గంటలు నిజంగా వాయించగానే మొదటివాళ్లను అందుకున్నారు. ఊహ నేలను దున్ని ఉంచిందన్నమాట, విత్తనం మాత్రం చెయ్యే వెయ్యాలి.

కారణం ఇది. కదలికకు ముందుగా పథకం వేసే భాగాలు, ఒళ్లు ఎక్కడుందో లెక్కగట్టే భాగాలు, వెనక ఉండే చిన్నమెదడు, ఇవన్నీ చెయ్యి నిజంగా కదిలినప్పుడు పనిచేసినట్టే ఊహించినప్పుడూ పనిచేస్తాయి. ఆజ్ఞ కండరం దాకా పోకుండా చివర్లో ఆగిపోతుంది.

పక్షవాతం వచ్చినవాళ్ల మీద రుజువైందా?

అమెరికాలో స్టీఫెన్ పేజ్ బృందం 2007లో 32 మంది ఫలితాలు ప్రచురించింది. వాళ్లకు పక్షవాతం వచ్చి సగటున మూడున్నరేళ్లు దాటింది. అందరికీ వారానికి రెండుసార్లు అరగంట చేతి వ్యాయామం, ఆరు వారాలు. వ్యాయామం తర్వాత సగం మందికి ఊహాభ్యాసం, మిగతావాళ్లకు ఉత్త విశ్రాంతి పాఠం. ఊహాభ్యాసం చేసినవాళ్ల చేతి పనితీరు స్పష్టంగా మెరుగైంది, రెండో గుంపులో మార్పు స్వల్పం.

దీనికి ఎదురు ఫలితం కూడా చెప్పాలి. 2011లో బ్రిటన్‌లో 121 మంది మీద జరిగిన పరీక్షలో ఊహాభ్యాసం వల్ల అదనపు లాభం కనిపించలేదు. అక్కడ ఊహను చేతి వ్యాయామంతో ముడిపెట్టలేదు. నా దృష్టిలో తేడా అంతా ఇక్కడే ఉంది. 2020లో కాక్రేన్ సంస్థ 25 పరీక్షలను, 676 మందిని కలిపి చూసి, ఇతర చికిత్సకు తోడుగా చేసినప్పుడు చేతి పనితీరుకు ఊహాభ్యాసం మేలు చేస్తుందని చెప్పింది. తోడుగా అన్న మాటను మరవకూడదు.

ఇంట్లోవాళ్లే అంతా చూసుకోగలరన్న ఆశ కూడా పూర్తిగా నిజం కాదు. మన దేశంలోనే 14 ఆస్పత్రుల్లో 1250 మందితో జరిగి 2017లో వెలువడ్డ అటెండ్ పరీక్షలో, కుటుంబ సభ్యులకు శిక్షణ ఇచ్చి ఇంటికి పంపడం వల్ల ఆరునెలల తర్వాత మామూలు చికిత్స కన్నా మెరుగైన ఫలితం రాలేదు. కాబట్టి ఏ పని ఊహించాలో, ఏ వ్యాయామం చెయ్యాలో ఫిజియోథెరపిస్టుతో ఒకసారైనా కూర్చుని తేల్చుకోవాలి, మధ్యమధ్య చూపించుకోవాలి.

ఇంట్లో ఎలా చెయ్యాలి?

మొదట పని ఎంచుకోవాలి. పుస్తకాల్లో కప్పు పట్టుకోవడం, తలుపు గడియ తియ్యడం లాంటివి రాస్తారు. ఎండాకాలం వస్తే తునికాకు కల్లానికి పోయే మనిషికి ఆ కప్పుతో ఏం పని? ఇన్నేళ్లూ చేతికి అలవాటైన పనిని ఊహించడమే తేలిక. ఆకు తెంపడం, ఇప్పపువ్వు ఏరడం, మిరపకాయ కోయడం, సొరకాయ బుర్రలోంచి జావ పోసుకోవడం, ఏదైనా సరే. ఒకటే తీసుకోండి.

కుదురుగా కూర్చోబెట్టి, పడిపోయిన చేతి కింద దిండు పెట్టండి. భుజం కీలు వదులుగా ఉంటుంది, ఆ చెయ్యి పట్టి లాగి లేపకూడదు. ముందు మంచిచేత్తో ఆ పని రెండుసార్లు చేయించి, వేళ్లకు ఏం తగిలిందో, మణికట్టు ఎటు తిరిగిందో గమనించమనండి. తర్వాత కళ్లు మూసుకోమని, కూతురో కొడుకో నెమ్మదిగా చెప్పాలి.

“నాయనా, తునికి కొమ్మ నీ ముందుంది. కుడిచెయ్యి ముందుకు చాపు. మోచెయ్యి సాగుతోంది. వేళ్లు విప్పు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తొడిమ సన్నగా తగిలింది. గట్టిగా పట్టు. మణికట్టు కిందికి తిప్పు. తెగింది. ఆకును ఎడమచేతిలో కట్ట మీద పెట్టు. ఇంకో ఆకు.”

ఇంట్లో కోయ మాట్లాడితే కోయలోనే చెప్పండి. ఒంటికి తెలిసిన పనులన్నీ ఆ భాషలోనే నేర్చుకున్నారు కదా.

ఇందులో రెండు సంగతులు గట్టిగా పట్టుకోవాలి. తనను తాను దూరం నుంచి చూస్తున్నట్టు ఊహించుకోకూడదు. తన కళ్లతో తన చెయ్యి కనబడాలి, తొడిమ తగిలినట్టు, కండరం బిగిసినట్టు అనిపించాలి. రెండోది సమయం. నిజంగా చేసే పనికి ఎంతసేపు పడుతుందో ఊహలోనూ దాదాపు అంతే పట్టాలి. పడిపోయిన చేతితో ఊహిస్తే ఇంకాస్త ఆలస్యం కావడమూ మామూలే. యాభై ఆకుల కట్ట అరనిమిషంలో అయిపోయిందంటే ఊహించలేదు, ఊరికే తలుచుకున్నారు. పది ఆకులు చాలు, ఒక్కొక్కటీ పూర్తిగా.

మొదట్లో పది నిమిషాలు, అలవాటయ్యాక ఇరవై ముప్పై. అలసిపోతే ఆపెయ్యండి, ఇది నిజంగానే అలసట తెచ్చే పని. ముగించగానే కళ్లు తెరిచి అదే కదలికను అదే చేతితో ప్రయత్నించాలి. వేలు రవ్వంత కదిలినా లెక్కే. కదలకపోతే మంచిచేత్తో సాయం పట్టి చెయ్యాలి. ఈ ప్రయత్నం ఎగ్గొడితే పైన చేసినదంతా సగం పనే.

కొందరికి ఊహ ఎందుకు కుదరదు?

దెబ్బ ఎక్కడ తగిలిందన్నదాన్ని బట్టి. మెదడులో నడినెత్తికి వెనకవైపు ఉండే భాగం దెబ్బతింటే కదలికను ఊహించే శక్తే దెబ్బతినొచ్చు. కొందరికి ఒక పక్క ఉందన్న ధ్యాసే పోతుంది, కంచంలో ఆ సగం అన్నం అలాగే మిగిలిపోతుంది. మాట అర్థం కాని పక్షవాతం ఉంటుంది. తీవ్రమైన దిగులూ ఉంటుంది, దానికి మందు ఉంది. ఇలాంటి మనిషిని “మనసు పెట్టడం లేదు” అని కసరడం అన్యాయం. అది పట్టుదల లేకపోవడం కాదు, గాయం.

వీళ్లలో కొందరికి అద్దం దారి చూపిస్తుంది. అద్దాన్ని ఒళ్లో నిలువుగా పెట్టి, పడిపోయిన చేతిని వెనక దాచి, మంచిచేతిని ముందు కదిపితే, అద్దంలో పడిపోయిన చెయ్యే కదులుతున్నట్టు కనిపిస్తుంది. చెన్నైలో వైద్యం చదివిన వి.ఎస్. రామచంద్రన్ దీన్ని మొదట చేయి తెగినవాళ్ల నొప్పికి వాడాడు. తర్వాత పక్షవాతానికీ వచ్చింది. 2018లో కాక్రేన్ 62 పరీక్షలు కలిపి చూసి ఇదీ మేలు చేస్తుందని తేల్చింది. చెయ్యి పూర్తిగా కనిపించేంత మామూలు అద్దం చాలు.

ఎన్నాళ్లు? ఆలస్యమైతే లాభం లేదా?

మొదటి మూడు నెలల్లో కోలుకునే వేగం ఎక్కువ. అయితే పేజ్ పరీక్షలో చేరినవాళ్లు ఏళ్లు గడిచినవాళ్లు, వాళ్లకూ మార్పు వచ్చింది. ఆరు వారాలు విడవకుండా చేసి, చేతిని మళ్లీ ఫిజియోథెరపిస్టుకు చూపించి, పని మార్చాలా, అదే కొనసాగించాలా అని అడగండి. ఈలోగా బీపీ మాత్రలు ఒక్కరోజు కూడా మానొద్దు. రెండో పక్షవాతం వస్తే సంపాదించుకున్నదంతా పోతుంది. మూతి వంకర, మాట తడబాటు, చెయ్యి జారిపోవడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చెయ్యండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, దానికి ముందు సీటీ స్కాన్ కావాలి. భద్రాచలం దాకా ప్రయాణం కూడా ఆ లెక్కలోకే వస్తుంది.