ఇంటిపేరు గడిలోని ఖాళీ: గ్రంథసూచీ డేటాబేస్‌లలో నల్, శూన్యపాఠం

కృష్ణా డెల్టా రచయితల సూచిని డేటాబేస్‌గా రూపొందించే పరిశోధకునికి తొలి చిక్కు ఇంటిపేరు గడి దగ్గరే ఎదురవుతుంది. 1895లో నందమూరులో జన్మించి, విజయవాడలో అధ్యాపకులుగా పనిచేసిన సత్యనారాయణగారి ఇంటిపేరు ‘విశ్వనాథ’ అని నిస్సంశయంగా నమోదు చేయవచ్చు. మువ్వగోపాల ముద్రతో పదాలు రచించిన 17వ శతాబ్ది క్షేత్రయ్య విషయంలో అంతటి నిశ్చయం లేదు. ఒక సంస్థ పేరున వెలువడిన నివేదికకైతే ఇంటిపేరు అనే ప్రశ్నే పుట్టదు. చివరి రెండు సందర్భాలలోనూ గడి ఖాళీగానే కనిపిస్తుంది. కాని ఆ రెండు ఖాళీల అర్థం ఒకటి కాదు.

డేటాబేస్ పరిభాషలో ‘నల్’ విలువ కాదు; విలువ లేదని తెలిపే గుర్తు. ‘ఎంప్టీ స్ట్రింగ్’ అనే శూన్యపాఠం మాత్రం నిజమైన విలువే; దాని పొడవు సున్న అక్షరాలు. 1970లో రిలేషనల్ నమూనాను ప్రతిపాదించిన ఇ.ఎఫ్. కాడ్, లోపించిన విలువలను ‘వర్తించేదే గాని తెలియనిది’, ‘అసలు వర్తించనిది’ అని తరువాతి కాలంలో రెండుగా విభజించాడు. ఎస్‌క్యూఎల్‌లో మాత్రం నల్ ఒక్కటే. వ్యాకరణంలో లోపమంటే ఉండవలసినది కనిపించకపోవడం గనుక, క్షేత్రయ్య గడిలోని నల్‌ను శూన్యమనడం కంటె లోపమనడమే సమంజసం.

ఈ భేదాన్ని పాటించనప్పుడు పరిశోధన ఫలితమే మారిపోతుంది. ఎస్‌క్యూఎల్ తర్కంలో సత్యం, అసత్యాలతోపాటు ‘అజ్ఞాతం’ అనే మూడవ ఫలితం ఉంది. ఇంటిపేరు ‘విశ్వనాథ’ అయినవారిని అడిగితే క్షేత్రయ్య రాడు, అది సహజమే. ‘విశ్వనాథ’ కానివారిని అడిగినా రాడు. నల్‌ను దేనితో పోల్చినా అజ్ఞాతమే వస్తుంది. వడపోత సత్యమని తేలిన వరుసలనే ఇస్తుంది. రెండు జాబితాలను కలిపినా మొత్తానికి సరిపోదు, దోషసూచన ఏదీ వెలువడదు. ఆ అంకెలే సిద్ధాంతగ్రంథంలోని పట్టికకు ఎక్కుతాయి. అట్టి వరుసలను ‘ఇజ్ నల్’ అనే షరతుతో ప్రత్యేకంగా అడగవలసిందే.

పోస్ట్‌గ్రెస్‌లో సంధాన చిహ్నంతో ఇంటిపేరును, పేరును కలిపితే నల్ పేరును కూడా మింగివేస్తుంది. ప్రదర్శించే చోట ‘కోలెస్’ ప్రమేయంతో నల్ స్థానంలో శూన్యపాఠాన్ని నిలిపితే పేరు దక్కుతుంది. ఒరాకిల్ పద్ధతి వేరు. అది శూన్యపాఠాన్నే నల్‌గా భావిస్తుంది కనుక ‘తెలియదు’, ‘వర్తించదు’ అనే భేదం అక్కడ నిలవదు. ‘స్థితి’ అనే మరొక గడిని ఏర్పరచి తెలియదు, వర్తించదు, ఇంకా పరిశీలించలేదు అని నమోదు చేయడమే మేలు. మూడవదాన్ని చాలామంది విస్మరిస్తారు. చూడని తాళపత్రమూ, చూసినా కర్త పేరు దొరకని తాళపత్రమూ ఒకటెలా అవుతాయి?

నల్‌కు బదులు ఇంటిపేరు గడిలోనే ‘తెలియదు’, ‘తెలీదు’, ‘లభ్యం కాదు’ అని టైపు చేసే అలవాటు మరింత చెరుపు చేస్తుంది. యంత్రానికి అవి మూడు వేర్వేరు ఇంటిపేర్లు. తెలుగు టైపింగ్‌లో పొల్లు విడిగా నిలవడానికి వాడే, వెడల్పులేని అదృశ్యాక్షరం ఒక్కటే గడిలో మిగిలినా అది శూన్యపాఠం కాదు. ఖాళీలను తొలగించే ‘ట్రిమ్’ దానిని మామూలుగా ముట్టుకోదు. గడి పొడవును లెక్కించి చూస్తే సున్నకు బదులు 1 అని తేలుతుంది.